వేరు దాచనక్కర్లేదు, చాప ఇంట్లో పరిస్తే చాలు

ఏటా జూన్ 21, యోగా దినోత్సవం దగ్గరపడేసరికి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రెండు పనులు మొదలవుతాయి. మైదానాల్లో తివాచీలు పరుస్తారు. టీ కొట్ల దగ్గరా, ఫేస్‌బుక్‌లోనూ యోగా ఎవరిదన్న పంచాయితీ లేస్తుంది. మొదటిది గంటలో అయిపోతుంది. రెండోది ఏడాదికీ తెగదు.

2025లో విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా మూడు లక్షల మందితో ఆసనాలు వేయించి గిన్నిస్ రికార్డు కొట్టారు. అంతకుముందు నెల రోజులు 'యోగాంధ్ర' పేరుతో రాష్ట్రమంతా శిక్షణలు నడిచాయి. రికార్డు మంచిదే, కాదనను. కానీ జూన్ 22న నెల్లూరులో, ఒంగోలులో ఎంతమంది తమ ఇంట్లో చాప పరిచారు? ఆ లెక్క ఎవరికీ అక్కర్లేకపోయింది. నా దృష్టిలో అసలు లెక్క అదే.

ముందు పంచాయితీ సంగతి చూద్దాం. యోగా హిందూ ధర్మంలో పుట్టి పెరిగిన విద్య. ఈ మాట చెప్పడానికి నీళ్లు నమలాల్సిన పని లేదు. ఇంద్రియాలను నిలకడగా పట్టి ఉంచడాన్ని యోగం అంటారని కఠోపనిషత్తు చెప్పింది. శ్వేతాశ్వతరోపనిషత్తు ఇంకా వివరాల్లోకి దిగింది: ఛాతీ, మెడ, తల నిటారుగా నిలిపి కూర్చోవాలి, చోటు చదునుగా, శుభ్రంగా ఉండాలి, గులకరాళ్లు, నిప్పు, ఇసుక ఉండకూడదు. గీత ఆరో అధ్యాయం ఆసనం మరీ ఎత్తుగానూ మరీ పల్లంగానూ ఉండొద్దంటుంది. యోగసూత్రాలు రాసిన పతంజలి యోగానికి ఎనిమిది అంగాలు పెట్టాడు. ఆసనానికి అందులో దక్కింది మూడే మూడు సూత్రాలు. అహింస, సత్యం, శౌచం, సంతోషం, ఈశ్వర ప్రణిధానం ఆసనం కన్నా ముందు వరసలో ఉన్నాయి. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక ఆదినాథుడైన శివుడికి నమస్కరించి మొదలవుతుంది. వీటిని మతంతో సంబంధం లేని వ్యాయామ పుస్తకాలని ఎవరైనా అంటే, చదవకుండా అంటున్నారనే అనుకోవాలి.

అలాగని ఇంకెవరికీ వాటా లేదనడమూ అబద్ధమే. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి భిక్షువులకు ధ్యానం ఎవరో బయటినుంచి వచ్చి నేర్పలేదు. జైనుల్లో హేమచంద్రుడు 12వ శతాబ్దంలో యోగశాస్త్రమే రాశాడు. వాటాదారులున్నంత మాత్రాన పెద్దింటి పేరు మారదు, అంతే.

ఇక ఇప్పుడు క్లాసుల్లో చెప్పే ప్రతి భంగిమా వేదకాలానిదని బల్లగుద్ది చెప్పేవాళ్ల దగ్గరికి వద్దాం. హఠయోగ ప్రదీపికలో వివరించిన ఆసనాలు పదిహేనే, వాటిలోనూ ఎక్కువ కూర్చుని వేసేవి. ఇప్పుడు మనం వేసే నిలబడే ఆసనాలు చాలావరకు 20వ శతాబ్దంలో మైసూరు ప్యాలెస్ యోగశాలలో తిరుమలై కృష్ణమాచార్య చేతుల మీదుగా ఈ రూపానికి వచ్చాయి. సూర్యనమస్కారాలను వ్యాయామంగా ఊరూరా ప్రచారం చేసింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావు పంత్ ప్రతినిధి. ఇందులో చిన్నతనం ఏముంది? బతికున్న విద్యకు ప్రతి తరమూ కొంత చేర్చిపెడుతుంది. కృష్ణమాచార్య నిష్ఠాపరుడైన వైష్ణవుడు. అదే మనిషి 1930ల చివర్లో ఇంద్రాదేవి అనే విదేశీ మహిళకు యోగా నేర్పాడు. ఆయనకు తన నిష్ఠా అడ్డు రాలేదు, ఆమె పుట్టుకా అడ్డు రాలేదు.

మన తెలుగు నేలలో ఈ వేరు ఎంత దూరం పాకిందో చూస్తే, ఇది అగ్రహారాల సొత్తు కాదని తెలుస్తుంది. సంధ్యావందనంలో ముక్కు పట్టుకుని చేసే ప్రాణాయామం కొన్ని ఇళ్లకే పరిమితం, నిజమే. కానీ ఇడ, పింగళ, సుషుమ్న అని యోగంలోని నాడుల పేర్లతో తత్వాలు పాడింది రైతులూ చేతిపనుల వాళ్లూ. కంసాలి కులంలో పుట్టిన పోతులూరి వీరబ్రహ్మం గారి దగ్గర దూదేకుల సిద్దయ్య శిష్యుడై నిలిచాడు. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉండి 15 పర్వాల భారతాన్ని తెలుగు చేసిన తిక్కన భీష్మపర్వంలో గీతను కొద్ది పద్యాలకు కుదించేశాడు (కథకుడికి యుద్ధం తొందర మరి). శైవ వైష్ణవాలు కొట్టుకుంటున్న కాలంలో ఆ గ్రంథాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చిన పెద్దమనిషి ఆయన.

వేమన దగ్గరికి వస్తే మొహమాటమే లేదు. ఆసనాలు పన్ని ఒళ్లు విరుచుకునే యోగమంతా జెట్టిల (మల్లయోధుల) సాము కన్నా చింతాకు తక్కువేనని తేల్చేశాడు. రంగురంగుల టైట్లు వేసుకుని రీళ్లు తీసేవాళ్లకు ఈ పద్యం ఎవరైనా పంపిస్తే బాగుండు.

ఈ వేరును కోసేస్తే ఏమవుతుందో అమెరికాలో చూడొచ్చు. అలబామా రాష్ట్రం 1993లో ప్రభుత్వ బడుల్లో యోగాను నిషేధించింది. 2021లో నిషేధం ఎత్తేసింది గానీ, ఆసనాల పేర్లు ఇంగ్లిషులోనే చెప్పాలి, మంత్రాలు ఉండకూడదు, 'నమస్తే' అనకూడదు అని షరతులు పెట్టింది. ఇక్కడ మన మేధావులు కొందరు దాదాపు అదే పని చట్టం అవసరం లేకుండానే చేస్తున్నారు. 'ఇది కేవలం సైన్స్, మతానికి సంబంధం లేదు' అంటే నలుగురికీ దగ్గరవుతుందని వాళ్ల ఆశ. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితిలో యోగా దినోత్సవ తీర్మానానికి 177 దేశాలు సహ ప్రతిపాదకులుగా నిలిచాయి. వాటిలో ముస్లిం దేశాలూ చాలా ఉన్నాయి. యోగా ఎక్కడ పుట్టిందో తెలియక వాళ్లెవరూ సంతకం పెట్టలేదు.

వేరు దాచకుండానే నలుగురినీ కలుపుకోవచ్చా అంటే, దానికి జవాబు నెల్లూరు వాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ జరుగుతుంది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, తల మీద కొంగు, చేతిలో మడత రొట్టె. నీళ్లలో నిలబడి ఒకామె 'ఆరోగ్య రొట్టె, ఆరోగ్య రొట్టె' అని పిలుస్తుంది. ఎక్కడినుంచో వచ్చిన ఇంకో ఆమె కొంగు చాచి పుచ్చుకుంటుంది. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె అన్నీ ఉంటాయి. కోరిక తీరినవాళ్లు మరుసటేడు రొట్టె తెచ్చి పంచిపెడతారు. వెళ్లే హిందువులు 'ఇది దర్గా కాదని ముందు ఒప్పుకోండి, అప్పుడే వస్తాం' అని ఎవరినీ అడగరు. దర్గాను దర్గా అనే అంటారు, దండం పెట్టుకునే వస్తారు. వాళ్ల మతం చెక్కుచెదరదు.

యోగాకూ అదే మర్యాద చాలు. కావలిలో ఒక క్రైస్తవ నర్సమ్మో, ఆత్మకూరులో ఒక ముస్లిం మాస్టారో నడుం నొప్పికి భుజంగాసనం వేస్తే, అది హిందువుల ఇంటినుంచి వచ్చిందని తెలిసే వేయొచ్చు. ఓంకారం పలకడం, మానడం వాళ్లిష్టం. ప్రభుత్వ బడిలో పిల్లలచేత బలవంతంగా పలికించకూడదు. పలికే పిల్లవాడి నోరు మూయించనూ కూడదు.

సరే, ఇంటి సంగతి. నా అనుమానం ఏమిటంటే, మన మోకాళ్లను, నడుములను పాడు చేసింది వయసు కన్నా ఫర్నిచరే. అమ్మమ్మల తరంలో కత్తిపీట ముందు కూర్చున్న ఆడమనిషిని గుర్తు చేసుకోండి. ఒక మోకాలు పైకి, ఒక కాలు మడిచి, పాదంతో పీట అదిమిపట్టి వంకాయలు తరిగేది. పొయ్యి మీద ఎసరు పొంగితే పళ్లెం చేత్తో పట్టుకునే, నేల మీద రెండో చెయ్యి ఆనించకుండా లేచేది. రోజుకు ఎన్నిసార్లు లేచేదో లెక్కేలేదు. దాన్ని ఆసనమని ఎవరూ అనలేదు. (ఆ పొయ్యి పొగ ఆమె ఊపిరితిత్తులకు చేసిన చెరుపూ మరవొద్దు. పాతదంతా బంగారమని నేననడం లేదు.) ఇప్పుడు డైనింగ్ టేబులు, సోఫా, కమోడు. నేల మీద కూర్చునే సందర్భం ఇంట్లో వ్రతం ఒక్కటే మిగిలింది. అప్పుడు కూడా లేవడానికి పక్కవాళ్ల భుజం కావాలి.

అందుకే ఇంటి యోగాకు మొదటి మెట్టు శీర్షాసనం కాదు. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోవడం, చేతులు ఆనించకుండా లేవడానికి ప్రయత్నించడం. దానికి ఖరీదైన మ్యాట్ అక్కర్లేదు, నాలుగు మడతలు పెట్టిన జంపఖానా సరిపోతుంది. చోటు ఎలా ఉండాలో శ్వేతాశ్వతరం ఎప్పుడో చెప్పిపెట్టింది, మన వరండా దానికి సరిపోతుంది. వేకువన కుళాయి వచ్చేలోపు ఇరవై నిమిషాలు దొరికితే: కాసేపు కీళ్లు తిప్పడం, తాడాసనం, కిటికీ ఊచ పట్టుకుని ఒంటికాలి మీద వృక్షాసనం, బోర్లా పడుకుని భుజంగాసనం, వెల్లకిలా పడుకుని సేతుబంధం, ఊపిరి బిగపట్టకుండా నాడీశోధన (ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీయడం), చివర్లో శవాసనం. చివరిదాన్ని ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. మైదానానికి రాలేని కోడళ్లకు, ముసలివాళ్లకు ఇంతకన్నా వీలైన పద్ధతి లేదు. వృక్షాసనం ఎందుకంటే, పెద్ద వయసులో మనిషిని మంచాన పడేసేది చాలాసార్లు బాత్రూంలో కాలు జారిన ఆ ఒక్క క్షణం. ఒంటికాలి మీద నిలిచే అలవాటు ఉన్నవాళ్లకు తూలినా నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ.

వయసు మించిపోయిందన్న సాకు ప్రదీపిక ఒప్పుకోదు. యువకుడైనా, ముసలివాడైనా, పండు ముసలివాడైనా, రోగి అయినా, బలహీనుడైనా అభ్యాసంతో ఫలితం పొందుతాడని ఆ శ్లోకం. కృష్ణమాచార్య నూరేళ్లు బతికాడు. ఆయన బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ 1918 ఫ్లూ రోజుల్లో పుట్టి, చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయతో బాధపడి, 95 ఏళ్లు జీవించాడు. ఇద్దరి ఉదాహరణతో అందరికీ నూరేళ్లు రావు. రోజూ చేయడమన్నది మాత్రం వాళ్లిద్దరిలోనూ ఉమ్మడిగా కనపడుతుంది.

ఆహారం దగ్గర మన జిల్లాలకు అసలు పరీక్ష. సగం కడుపు అన్నం, పావు నీళ్లు, పావు ఖాళీ అని యోగుల లెక్క. నెల్లూరు చేపల పులుసు ముందు పావు కడుపు ఖాళీ ఉంచడం ఒళ్లంతా చేతుల మీద నిలిపే మయూరాసనం కన్నా కష్టమని నాకు తెలుసు. కానీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో సుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. మూడు పూటలా అన్నం, ఇడ్లీ, దోసె తింటూ ఆసనాల మీద భారం వేస్తే అవి మోయలేవు. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నెమ్మదిగా చేసే ఆసనాలతోనే అది పూర్తి కాదు, పెన్నా గట్టు మీద నడక కూడా ఉండాలి.

వైద్యం వైపునుంచి గట్టి ఆధారం ఉన్నది ముఖ్యంగా దీర్ఘకాలపు నడుం నొప్పికి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2017లో ఇచ్చిన సూచనల్లో, అలాంటి నొప్పికి మాత్రల కన్నా ముందు ప్రయత్నించాల్సిన వాటిలో యోగా కూడా ఉంది. ఆసనాలు మొదలుపెట్టామని బీపీ, సుగర్ మాత్రలు ఆపేయమనే గురువు దొరికితే మాత్రం ఆ గురువునే ఆపేయాలి. బీపీ అదుపులో లేనివాళ్లు, కంటి నరాన్ని దెబ్బతీసే గ్లకోమా ఉన్నవాళ్లు తల కిందికి పెట్టే ఆసనాల జోలికి పోకూడదు. హెర్నియా ఉన్నవాళ్లు పొట్ట ఎగరేస్తూ వేగంగా ఊపిరి వదిలే కపాలభాతి మానాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా పరగడుపున గంటసేపు చేస్తే కళ్లు తిరిగి పడొచ్చు.

కనిగిరి వైపు ఇంకో జాగ్రత్త ఉంది, దీన్ని ఏ యోగా కరపత్రంలోనూ నేను చూడలేదు. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టడంతో మొదలై, ఎముకలు గట్టిపడి, వెన్ను బిర్రబిగుసుకుపోయి, మెడ తిప్పలేని స్థితికి రావచ్చు. ఆ వెన్ను అభ్యాసం లేక బిగిసింది కాదు. దాన్ని పశ్చిమోత్తానాసనంలో వంచబోతే ఉన్న నొప్పికి కొత్త నొప్పి తోడవుతుంది. అక్కడ ఆరోగ్యానికి మొదటి మెట్టు మంచినీళ్లు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు మీద ఆ ఊళ్లు పెట్టుకున్న ఆశ కూడా అదే. జూన్ 21కి అక్కడ వేదిక కట్టించే అధికారి, ముందు ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో గ్రామ సచివాలయం గోడ మీద రాయించాలి. ఎవరు వంగొచ్చో, ఎవరు కుర్చీలో కూర్చుని ఊపిరి సాధన మాత్రమే చేయాలో ఎముకల డాక్టరుతో చూపించాకే చాపలు పరిపించాలి.