సవరణ: కాన్‌స్టబుల్ గీసిన ‘ద హే వెయిన్’ గురించి

ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ ‘ద హే వెయిన్’ చిత్రాన్ని స్టవర్ నది ఒడ్డున కూర్చునే గీశాడనీ, అందులోని బండి నిండా ఎండుగడ్డి ఉన్నదనీ గత వ్యాసంలో వచ్చిన రెండు మాటలను పాఠకులు ఈ విధంగా సవరించి చదువుకోవలసిందిగా మనవి.

చిత్రంలోని చోటు సఫోక్ ప్రాంతపు ఫ్లాట్‌ఫర్డ్‌లో, కాన్‌స్టబుల్ తండ్రి నడిపిన పిండిమర పక్కనే ఉన్నది; ఎడమవైపు కనిపించే, విల్లీ లాట్ అనే రైతు ఇల్లు నేటికీ నిలిచే ఉంది. అయితే చిన్ననాటి నుంచి ఎరిగిన ఆ దృశ్యాన్ని ఆయన, అక్కడ గీసుకున్న చిత్తుచిత్రాల ఆధారంగా, లండన్‌లోని తన చిత్రశాలలో సుమారు 130 సెంటీమీటర్ల ఎత్తు, 185 సెంటీమీటర్ల వెడల్పు గల కాన్వాసుపై 1821లో పూర్తి చేశాడు. అంతటి కాన్వాసును ఏటి ఒడ్డున నిలబెట్టడం ఎలాగూ తేలిక కాదు.

ఇక, గుర్రాలకు ఎర్రని పట్టీలు కట్టి నీళ్లలోకి దింపిన ఆ బండి ఖాళీది. గడ్డి ఎత్తుతున్న బండి వేరే ఉంది. కుడివైపు దూరాన, పచ్చికబయలులో, కూలీల నడుమ ఉన్న దానిని పరికించి చూస్తే తప్ప పోల్చుకోలేము. 1824 పారిస్ ప్రదర్శనలో లభించిన బంగారు పతకం గురించి రాసినదానిలో మార్పేమీ లేదు.