ఎంతుందో చెప్పకుండా పంచేది సెటిల్‌మెంట్ ఎలా అవుతుంది?

మ్యూచువల్ కన్సెంట్ డివోర్స్ అనగానే మనవాళ్లు హమ్మయ్య అనుకుంటారు, గొడవ లేకుండా తెగిపోయింది, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు, ఇచ్చేది ఇచ్చారు పుచ్చుకునేది పుచ్చుకున్నారు అని. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం కన్నా అదే నయం, కాదనను. కానీ ఆ సెటిల్‌మెంట్ కాగితంలో ఏం రాస్తున్నారో, రాసేముందు ఎవరి చేతిలో ఏముందో చూస్తే మాత్రం దాన్ని ఒప్పందం అనడానికి నాకు మనసొప్పదు.

ఇలా ఇద్దరి ఇష్టంతో విడిపోవడానికి హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ 1976లో వచ్చింది, ఫస్ట్ మోషన్ అంటే ఇద్దరూ కలిసి మొదట కోర్టుకెళ్లి పిటిషన్ వేయడం, ఆర్నెల్ల గడువు, సెకండ్ మోషన్ అంటే మళ్లీ వెళ్లి విడాకులు ఖాయం చేసుకోవడం, ఆ ఆర్నెల్లు కూడా తగిన కారణం ఉంటే మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పడం, ఇవన్నీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవంతా ఆ పిటిషన్‌కి జత చేసే కాగితం గురించి.

అందులో మామూలుగా ఏముంటుంది? ఇంత మొత్తం ఫుల్ అండ్ ఫైనల్, కొంత ఫస్ట్ మోషన్ రోజు, మిగతాది సెకండ్ మోషన్ రోజు డీడీ, ఎవరి బంగారం వాళ్లకి, ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులు వెనక్కి, ఇకపై ఎవరికీ ఏ క్లెయిమూ లేదు. అంతే. అసలు ఆ మొత్తం దేంట్లోంచి లెక్కకట్టారు, ఉన్న ఆస్తి ఎంత, అప్పులెన్ని, పీఎఫ్‌లో ఎంతుంది, ఫండ్స్‌లో ఎంతుంది, కంపెనీ ఇచ్చిన షేర్లేమయ్యాయి, తమ్ముడి పేరు మీద కొన్న స్థలం సంగతేంటి, వీటిలో ఒక్కటీ కనిపించదు. మెయింటెనెన్స్, అంటే భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్ మీద చెప్పాల్సిందేనని 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే పోట్లాడుకునేవాళ్లకి ఎదుటివాళ్ల లెక్క తెలుస్తుంది, రాజీపడేవాళ్లు మాత్రం చీకట్లో సంతకం పెట్టాలి. ఇదేం న్యాయం?

దీనికి వేరు ఇంకా లోతుగా ఉంది. మన చట్టంలో పెళ్లయ్యాక సంపాదించుకున్నది ఇద్దరిదీ అనే మాటే లేదు. హిందూ వివాహ చట్టంలో 27వ సెక్షన్ ఒకటుంది గానీ అది పెళ్లి సమయంలో ఇద్దరికీ కలిపి వచ్చిన వస్తువుల వరకే. స్త్రీధనం ఆమె సొంతమని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది, సరే. మరి తర్వాత పదిహేనేళ్లలో కొన్న ఫ్లాటు? ఎవరి పేరు మీద ఉంటే వాళ్లది.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇల్లు తీసుకోండి. ఆయన జీతంలోంచి ఈఎంఐ పోతుంది, ఆమె జీతంతో స్కూల్ ఫీజులు, సరుకులు, కరెంటు బిల్లు, పనమ్మాయి జీతం, అత్తగారి మందులు. ఆమె ఇవన్నీ కట్టబట్టే కదా ఆయన ఈఎంఐ కట్టగలిగింది! విడిపోయే రోజున ఆయన దగ్గర సేల్ డీడ్ ఉంటుంది, ఆమె దగ్గర రసీదులు కూడా మిగలవు. ఇక లోన్‌లో ఆమె కో-అప్లికెంట్ అయితే కథ ఇంకా ఘోరం. ఫ్లాట్ ఆయనకే, లోన్ కూడా ఆయనే కడతాడు అని సెటిల్‌మెంట్‌లో రాసుకుంటారు, కానీ బ్యాంకు ఆ కాగితంలో పార్టీ కాదు, దానికి ఈ విడాకులతో సంబంధమే లేదు. ఆయన రెండు నెలలు కట్టకపోతే ఫోన్లు ఆమెకే వస్తాయి, సిబిల్ స్కోర్ ఆమెది కూడా పడుతుంది. సెకండ్ మోషన్‌కి ముందే లోన్ ఆయన ఒక్కడి పేరుకి మార్పించి, ఆమెని తప్పించినట్టు బ్యాంకు నుంచి లెటర్ తీసుకోవాలి. ఈ ముక్క ముందే చెప్పే లాయర్లు ఎంతమంది?

ఆడవాళ్లు చట్టాన్ని అడ్డం పెట్టుకుని దోచేస్తున్నారు అనేవాళ్లున్నారు, 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా భర్త సంపదతో సమానం చేయడానికి కాదు భరణం ఉన్నది అంది కదా అంటారు. నిజమే, అంది. కానీ అది భరణం గురించి. భరణం అంటే అవసరం చూసి ఇచ్చేది, నేనడిగేది వాటా గురించి, రెండూ ఒకటెలా అవుతాయి?

అసలు మగవాళ్లే వాటా చట్టం కోసం ముందు అడగాలి అంటాను. ఎందుకంటే వాటా అనేది లేనప్పుడు బేరానికి మిగిలేది కేసులే. ఆమెకి ఆస్తిలో హక్కు లేదు, లెక్క తెలీదు, కాబట్టి అత్తింటి వేధింపుల కేసు (2024 జూలై దాకా 498ఏ అనేవాళ్లు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్), డీవీసీ అనే గృహహింస కేసు, మెయింటెనెన్స్ అన్నీ వేయించి, తర్వాత అవన్నీ విత్‌డ్రా చేసుకోవడానికి రేటు మాట్లాడతారు. నిజంగా దెబ్బలు తిన్న అమ్మాయి కేసూ, బేరం కోసం పెట్టిన కేసూ ఒకే టేబుల్ మీద ఒకే లెక్కన తెగుతాయి. ఆయన ముసలి తల్లిదండ్రులు స్టేషన్‌కి వెళ్తారు, ఆమె మాత్రం ఆ డబ్బు తీసుకున్నందుకు జీవితాంతం మాట పడుతుంది. ఇంత వాటా నీది అని చట్టమే ముందు చెప్పుంటే ఈ బేరంతో పనేముంది?

ఇదేమీ ఆకాశంలోంచి ఊడిపడ్డ ఆలోచన కాదు. గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ప్రకారం పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి ఉమ్మడిది, చెరి సగం. అక్కడ సంసారాలేమీ కూలిపోలేదు. భర్త ఆస్తిలో భార్యకి వాటా ఇచ్చే బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభలో పాసయింది కూడా, లోక్‌సభ దాకా వచ్చి 2014లో మురిగిపోయింది, ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ దాని దుమ్ము దులపలేదు.

ఎందుకు దులపలేదంటే ఇంటి పనికి విలువ కట్టడం మనకి ఇష్టం లేదు, అసలు సంగతి అదే. 2019 టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు జీతం లేకుండా చేస్తున్నారని, మగవాళ్లు 97 నిమిషాలని తేలింది. ఐదు గంటలు! ఆ ఐదు గంటలు ఏ సేల్ డీడ్‌లోనూ రాయరు. 2023 జూన్‌లో మద్రాస్ హైకోర్టు ఒక కేసులో, భర్త బయట సంపాదించగలిగింది భార్య ఇల్లు చూసుకోబట్టే కాబట్టి ఆ ఆస్తిలో ఆమెకి సగం ఉందని చెప్పింది. అది విడాకుల కేసు కాదు, అయినా ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ చట్టం లేనంతవరకు ఒక జడ్జి ఒకలా చూస్తారు, ఇంకొకరు ఇంకోలా చూస్తారు.

ఆ పాత బిల్లుని మళ్లీ తేవాలి, ఈసారి భార్య ఎక్కువ సంపాదిస్తే భర్తకి కూడా వర్తించేలా. అది వచ్చేలోపు కనీసం 13బి పిటిషన్‌తో పాటు ఇద్దరి ఆస్తులు, అప్పుల అఫిడవిట్ తప్పనిసరి చేయాలి, అది లేకుండా ఏ ఫ్యామిలీ కోర్టూ ఫుల్ అండ్ ఫైనల్ అనే మాటని రికార్డు చేయకూడదు.