ఎర్ర సున్నా గారికి ఒక బహిరంగ లేఖ

పటమట, విజయవాడ.

సీసీటీవీ దృశ్యాలలో అనుమానితుల చుట్టూ వెలిసే శ్రీ ఎర్ర సున్నా గారి సముఖానికి,

నమస్కారాలు. మీ కుశలం అడగనక్కర్లేదు. మీరు దివ్యంగా ఉన్నారని మా అపార్టుమెంటు వాట్సాప్ గుంపులో గంటగంటకూ తెలుస్తూనే ఉంది. నిన్న రాత్రి కూడా దర్శనమిచ్చారు. ఎక్కడో వేరే జిల్లాలో, నెలల క్రితం కనబడకుండా పోయి ఇప్పటికీ ఆచూకీ తెలియని ఒక పాప కేసు అది. బూడిద రంగులో అలికినట్టున్న ఒక బొమ్మ, అందులో ఒక మనిషి వీపు, ఆ వీపు చుట్టూ తమరు. మూడో అంతస్తు ఆయన చూడగానే "వీడే" అన్నారు. ఐదో అంతస్తు ఆవిడ "ఆ నడక చూడండి, తెలియడం లేదూ" అన్నారు. ఫొటోలో నడక ఎలా కనబడిందని నేను అడగలేదు. గుంపులోంచి వెళ్లిపోదామంటే కార్పొరేషన్ నీళ్లు ఏ పూట రావో అందులోనే చెబుతారు.

ఆ పాప పేరు ఇక్కడ రాయను. ఊరు కూడా రాయను. బాధిత బాలల పేరు, చిరునామా, బడి, ఫొటో ఇష్టానుసారం బయటపెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ అంటుంది. అతిక్రమిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెతకడం కోసం పోలీసులే విడుదల చేసే ఫొటో సంగతి వేరు. మీరు ప్రత్యక్షమైన సందేశంలో మాత్రం పాప తరగతి, సెక్షను, బడికి తీసుకెళ్లే ఆటో నంబరు కూడా ఉన్నాయి. దాన్ని మా గుంపులో పెట్టినాయన వృత్తిరీత్యా వకీలు.

మీ వంశం గురించి నాకు కొంత తెలుసు. డిటెక్టివ్ నవలలు అద్దెకిచ్చే దుకాణాలు ఒకప్పుడు మా బెజవాడలో ఎక్కడ చూసినా ఉండేవి. అట్ట ఊడిపోయి, మూలలు నలిగి, నూనె మరకలతో వచ్చే ఆ పుస్తకాలలో మొదటి పది పేజీల్లోనే ఏదో ఒక పాత్ర పేరు చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా ఉండేది, పక్కన "హంతకుడు వీడే" అని. ముందు చదివిన మహానుభావుడెవరో మన మీద దయతో చేసిన పని. ఆయన మీ తాతగారు. అప్పట్లో ఆయన్ని తిట్టని పాఠకుడు లేడు. మిమ్మల్ని చూశాక మాత్రం ఆ పెద్దాయన మీద గౌరవం కలుగుతోంది. ఎంతైనా ఆయన చివరి పేజీ చదివాకే చుట్టేవారు.

మీకు చివరి పేజీతో పనిలేదు. ఈ కేసుకు ఇంకా చివరి పేజీ లేకపోవడమే మీకు కలిసొచ్చింది. మొదటి రోజున పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్నారు. మూడో రోజుకు కిడ్నీలు అన్నారు. వారం తిరిగేసరికి ఎవరో గోడ మీది క్యాలెండరు చూశారు, అంతే, గుప్తనిధులు, ముగ్గు, నిమ్మకాయలు, నరబలి. పాప తప్పిపోయిన నాలుగు రోజులకే అమావాస్య ఉందట. అమావాస్య నెలకొకటి వస్తుందనీ, ఏ రోజున ఏం జరిగినా ముందో వెనకో పదిహేను రోజుల్లోపు ఒక అమావాస్య ఉండి తీరుతుందనీ రెండో అంతస్తులోని రిటైర్డ్ లెక్కల మాస్టారు వివరించబోయారు. "మీకు మనసనేది లేదా మాస్టారూ" అని ఆరుగురు ఆయన మీద పడ్డారు. ఆ తరువాత వరుసగా ఆస్తి తగాదా, అప్పులు, "సొంతవాళ్ల పనే". చివరికి అందరూ "నిప్పు లేనిదే పొగ రాదు కదండీ" అని ఒక మాట మీదికి వచ్చారు. పొగంతా ఎవరి జేబులోంచి వస్తోందో తడిమి చూసుకున్నవారు లేరు.

ఇక ఆ తల్లి. వార్తల్లో అర నిమిషం కనబడింది. మైకులు మీద పడుతుంటే తలొంచుకుని రెండు మాటలు చెప్పింది, ఏడవలేదు. మర్నాటికల్లా మీరు ఆమె ముఖం చుట్టూ చేరారు. "కన్నతల్లికి కన్నీటి చుక్క రాలేదు" అన్నారు. రెండు రోజుల తరువాత ఇంకో చానెల్లో భోరున ఏడ్చింది. "చూశారా, ఎలా నటిస్తోందో" అన్నారు. జడ వేసుకుని ఉండటం కూడా నేరాల చిట్టాలో చేరింది. బిడ్డ కనబడని తల్లి ఏ చానెల్లో ఎంతసేపు ఏడవాలో, తల ఎంత చెదిరి ఉండాలో ఒక జీవో ఇప్పిస్తే ఇకముందు ఇబ్బంది ఉండదు. సచివాలయం ఇక్కడికి దగ్గరే.

ఇది మీరు కొత్తగా కనిపెట్టిన విద్య కూడా కాదు లెండి. 1980 ఆగస్టు 17 రాత్రి ఆస్ట్రేలియాలో ఉలూరు కొండ దగ్గర ఒక గుడారంలోంచి అజారియా చాంబర్లేన్ అనే తొమ్మిది వారాల పసిపాప మాయమైంది. డింగో, అంటే అక్కడి అడవికుక్క, ఎత్తుకుపోయిందని తల్లి లిండీ ఆ రాత్రి నుంచే మొత్తుకుంది. ఆమె టీవీలో నిబ్బరంగా మాట్లాడటం దేశానికి నచ్చలేదు. పసిపాపకు నల్ల గౌను తొడిగిందట. పాప పేరుకు అడవిలో బలి అని అర్థమట. (ఈ బలుల శాస్త్రంలో మా బెజవాడ గుంపులకే పట్టు ఉందనుకునేవాణ్ని.) 1982లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. 1986లో డింగోలు తిరిగే చోట పాప తొడుక్కున్న కోటు దొరికింది, ఆమెను వదిలారు. 1988లో శిక్ష రద్దయింది. పాప ప్రాణం తీసింది డింగోయేనని మరణ విచారణాధికారి తేల్చి చెప్పింది 2012లో. కుక్క అని తల్లి మొదటి రాత్రి చెప్పిన మాటను కాగితం మీద పెట్టడానికి ముప్పై రెండేళ్లు పట్టింది. అప్పటికి మీరు పుట్టలేదు. మీ పెద్దలు పత్రికల్లోనూ విందుల్లోనూ ఉద్యోగాలు చేసేవారు, పాపం, అంతా చేత్తోనే.

2018 వేసవి గుర్తుందా? మీకు గుర్తుండకపోవచ్చు, చుట్టినవన్నీ గుర్తుపెట్టుకుంటే మీకు తల తిరిగిపోదూ. కరాచీలో పిల్లల భద్రత మీద తీసిన ఒక అవగాహన చిత్రం ఉంది. మోటారుసైకిల్ మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ని ఎత్తుకుపోతారు. కాసేపటికి వెనక్కి తెచ్చి దింపి, పిల్లలు జాగ్రత్త అనే అట్ట పైకెత్తి చూపిస్తారు. ఆ వీడియో మన ఫోన్లలోకి వచ్చేసరికి అట్ట చూపించే ముక్క లేదు. ఎవరో కత్తిరించారు. కత్తెరకు కూడా ఒక లేఖ రాయాలి, వీలు చూసుకుని.

ఆ రోజుల్లోనే మా వీధికి ఒకతను వచ్చేవాడు. భుజాన గోనెసంచి, చేతిలో స్టీలు గిన్నెల దండ, "చిక్కు వెంట్రుకలు కొంటాం" అని కేక. దువ్వినప్పుడు ఊడిన జుట్టును ఆడవాళ్లు ఉండ చుట్టి కవర్లో వేసి కిటికీ ఊచల సందున దాచుకుంటారు. ఆ ఉండలు అరచేతిలో తూచి చూసి, టీ వడపోతో చిన్న గిన్నో ఇచ్చేవాడు. బేరం దగ్గర మా అమ్మకూ అతనికీ ఏళ్ల తరబడి యుద్ధం. ఒకనాటి మధ్యాహ్నం, ఫోన్లలో మీరు జోరుగా ఉన్నప్పుడు, వీధి మలుపులో కుర్రవాళ్లు అతన్ని ఆపారు. పేరేమిటి, ఏ ఊరు, ఆధార్ ఉందా. సంచిలో ఏముంది. జుట్టు అన్నాడు. పిల్లల్ని పట్టే ముఠా మీద పదిమందికీ అప్పటిదాకా ఉన్నది అనుమానమే, సంచి బోర్లించగానే రోడ్డు మీద నల్లటి ఉండలు దొర్లాయి, నమ్మకం కుదిరింది. "ఇంత జుట్టు ఎవరిదిరా?" అని ఒకడు గద్దించాడు. అందులో సగం మా వీధి ఆడవాళ్లదే. ఆ మాట చెప్పడానికి మా అమ్మ మెట్లు దిగి వచ్చేలోపు అతని చొక్కా చిరిగింది, రెండు గిన్నెలు సొట్టలు పోయాయి. గస్తీ కానిస్టేబులు బండి మీద రావడంతో అంతటితో ఆగింది. మరి అతను మా వీధికి రాలేదు. కిటికీలో ఉండలు చాలా కాలం అలాగే ఉన్నాయి.

మా అతనిది అదృష్టమే అనాలి. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, సంత రోజున బిచ్చమెత్తుకోవడానికి వచ్చిన ఐదుగురు సంచారజాతి మనుషుల్ని పిల్లల దొంగలన్న పుకారుతో జనం కొట్టి చంపారు. ప్రాణభయంతో ఉన్న వాళ్లను కూర్చోబెట్టిన పంచాయతీ గదిలోనే చంపారు. అదే నెలలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. మీరేమీ కంగారు పడలేదు. మా అపార్టుమెంటులో ఒక్కొక్కరికి ఐదు గుంపులు చాలు, బెంజిసర్కిల్ నుంచి గుంటూరు దాకా అల్లుకుపోవడానికి.

ఇంతకీ తమరి సేవలు లేకుండా తప్పిపోయిన బిడ్డను ఎలా వెతుకుతారో ఎప్పుడైనా చూశారా? మీకు విసుగు పుడుతుంది. బిడ్డ కనబడలేదని ఫిర్యాదు వస్తే చిత్తుపుస్తకంలో రాసుకుని రేపు రమ్మనకూడదు, కేసు కట్టి తీరాలని 2013 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మా పరిధి కాదు పొమ్మనకుండా ఏ స్టేషన్లోనైనా కేసు కట్టే జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది. 2019 డిసెంబరులో మా పక్కనున్న కంచికచర్లలో ఒక పిల్లవాడు కనబడలేదన్న ఫిర్యాదుకు అలాగే కట్టారు. నాలుగు నెలలైనా ఆచూకీ లేకపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి. ఒంటరిగా బిడ్డ కనబడితే 1098కి ఫోను చేయాలి, ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు చేర్చాలి, చూసి కూడా చెప్పకపోతే అదే నేరం. హౌరా, చెన్నై, కాజీపేట దారులు కలిసే మా రైల్వేస్టేషన్లో ఏ రాత్రయినా నిలబడి చూడండి. సిమెంటు బెంచీ మీద ముడుచుకు పడుకున్న పిల్లవాడి దగ్గర ఎవరో కూర్చుని, "అన్నం తిన్నావా, ఏ ఊరు, మీ బడి పక్కన ఏముంటుంది" అని ఒక్కో ప్రశ్నే అడుగుతుంటారు. దాన్ని ఫొటో తీస్తే చుట్టడానికి మీకు ఏమీ దొరకదు.

దసరాకు ఇంద్రకీలాద్రి కిందికి రండి, ఇంకో మాట వినిపిస్తాను. భవానీల జయజయధ్వానాల మధ్య, క్యూలైన్ల మీదుగా, మైకులో ఒక గొంతు. "నాలుగేళ్ల బాబు, నీలం చొక్కా, చేతికి ఎర్ర దారం, పేరు చిన్నా అంటున్నాడు. సమాచార కేంద్రం దగ్గర ఉన్నాడు. తల్లిదండ్రులు ఎక్కడున్నా వెంటనే రావాలి." మళ్లీ అదే మాట, మళ్లీ అదే మాట. ఎవరు వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ఆ తల్లికి బుద్ధుందా, తండ్రికి అప్పులున్నాయా — మైకు అడగదు. చొక్కా రంగు చెబుతుంది. గొంతు బొంగురుపోయినా చొక్కా రంగే చెబుతుంది. లక్షల మందిలో ఆ చొక్కా రంగు పట్టుకుని ఒక మనిషి పరుగెత్తుకుంటూ వస్తాడు.

అందుకే నిన్న రాత్రి మీ బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూశాను. వీపు మనిషి మధ్యలో ఉన్నాడు, మీరు ఆయన చుట్టూ ధగధగలాడుతున్నారు. ఎడమ మూలన, అంచు దగ్గర, సగం తెగిపోయి, ఆ పాప ఉంది. "పాప గౌను ఏ రంగులో ఉంది?" అని గుంపులో అడిగాను. జవాబు లేదు. ఆ మనిషి సంచి ఏ రంగో, చెప్పులు ఏ రకమో, గడ్డం ఏ మతానిదో మాత్రం అప్పటికే తేల్చేశారు. వీపు కనబడే ఫొటోలో గడ్డం.

ఆ మనిషిని పోలీసులు మొదటి వారంలోనే పిలిచి, మాట్లాడి, పంపేశారని పత్రిక లోపలి పేజీలో వచ్చింది. ఆ ముక్క కత్తిరించి గుంపులో పెట్టాను. అందరూ చూశారు, నీలి టిక్కులు పడ్డాయి. కాసేపటికి మూడో అంతస్తు ఆయన, "మేనేజ్ చేసుకుని ఉంటాడు" అన్నారు. దానికి పదకొండు బొటనవేళ్లు లేచాయి. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడు కనీసం నిప్పుతో సరిపెట్టుకున్నాడు. మేము వాసాలు లెక్కపెట్టి, ఇల్లుగలవాడే తగలబెట్టుకున్నాడని కూడా చెప్పగలం.

మిమ్మల్ని ఉద్యోగం మానేయమనే ధైర్యం నాకు లేదు. చేతి నిండా పని కావాలంటే మాత్రం మా అపార్టుమెంటులోనే ఉంది. రాత్రిళ్లు మోటారు వేసి కట్టేయకుండా పడుకునేది ఎవరో మూడేళ్లుగా తేలడం లేదు. ట్యాంకు పొంగి మెట్ల మీద నీళ్లు పారుతున్నాయి, మాస్టారు ఒకసారి జారిపడ్డారు కూడా. సెల్లారులో కెమెరా ఉంది. బిగించిన నాటి నుంచీ అది గోడ వైపే చూస్తోంది. ముందు దాన్ని తిప్పించి, ఆపైన నిదానంగా చుట్టండి.

ఇట్లు,
నాలుగో అంతస్తు.