దీపస్తంభానికి కట్టిన పసుపు కాగితం గారికి

మహారాజశ్రీ ప్లానింగ్ నోటీసు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం చలిలో క్షేమం. అక్కడ తమరు వానలో క్షేమమని తలుస్తాను.

నిన్న సాయంత్రం పాల కోసం వెళ్తూ మా వీధి మలుపులో తమర్ని చూశాను. ఎవరైనా ఇల్లు కట్టాలన్నా మార్చాలన్నా, అభ్యంతరాలుంటే చెప్పండంటూ ఇక్కడి కౌన్సిల్, అంటే మన మునిసిపాలిటీలాంటిది, వీధిలో కట్టే కాగితం కదా తమరు. ఏ4 సైజు, పసుపు రంగు, ప్లాస్టిక్ కవరు, స్తంభానికి బిగించడానికి రెండు జిప్ టైలు. కవరు అడుగున అరచెంచా వాన నీళ్లు నిలిచి కింది రెండు వరుసల సిరా అలుక్కుపోయింది. అభ్యంతరాలు ఏ తేదీలోగా పంపాలో ఉన్నది సరిగ్గా ఆ రెండు వరుసల్లోనే. అదే స్తంభానికి పాత నోటీసుల టైలు కూడా వేలాడుతున్నాయి. లెక్కపెట్టాను, పదకొండు. గుడి దగ్గర రావిచెట్టుకి కట్టిన ముడుపుల్లా ఉన్నాయి. ఎవరి కోరిక తీరిందో, ఎవరిది తీరలేదో వాటిని చూసి చెప్పలేం.

మాది ఇంగ్లండులో ఒక చిన్న ఊరు. ఒక చర్చి, ఒక సంత వీధి, నాలుగు పబ్బులు, మూడు తెలుగిళ్లు. పదేళ్లుగా నేను తమ పాఠకుణ్ణి. ఇంకెవరి నోటీసో చదువుకుంటే కాలక్షేపమే. మొదటిసారి కట్టింది మాత్రం మా ఇంటి గురించే.

1820ల నాటి ఇల్లు మాది. గ్రేడ్ 2 లిస్టెడ్, అంటే కాపాడాల్సిన పాత కట్టడమని ప్రభుత్వం జాబితాకెక్కించింది. కొన్న కొత్తలో ఆ మాట విని పద్మశ్రీ వచ్చినంత సంబరపడ్డాను. ఇంగ్లండులో ఇలాంటి నమోదులు సుమారు 4 లక్షలున్నాయనీ, అందులో పదింట తొమ్మిది గ్రేడ్ 2వేననీ తర్వాత తెలిసింది. అంటే ఇది పద్మశ్రీ కాదు, రేషన్ కార్డు. కాకపోతే ఈ కార్డుకి బియ్యం రావు. అనుమతి లేకుండా ఇంటి స్వరూపం మార్చితే మాత్రం 1990 నాటి చట్టం కింద నేరం, రెండేళ్ల దాకా జైలు.

మా కిటికీలు పైకీ కిందికీ జరిగే రకం. ఒంటి అద్దం. జనవరి రాత్రి దేవుడి దగ్గర దీపం పెడితే, కిటికీ మూసే ఉన్నా మంట పక్కకి వాలిపోతుంది. పొద్దున లేచేసరికి అద్దం లోపలి వైపు నీళ్లు కారుతుంటాయి. తువ్వాలుతో తుడిచి పిండితే చెంబుడు. రెండు పొరల అద్దాలు వేయించుకుందామని అర్జీ పెట్టాను. లిస్టెడ్ ఇంటి అర్జీకి ఫీజు లేదు, ఆ మాట నిజం. డ్రాయింగులు గీసేవాళ్లకి, హెరిటేజ్ స్టేట్‌మెంట్ అనే ఇంటి జాతకం రాసేవాళ్లకి మాత్రం సమర్పించుకోవాలి. ఎనిమిది వారాల్లో తేలాల్సింది పదిహేను వారాలకి తేలింది. అద్దాల మధ్య చెక్క పట్టీ ఇప్పుడు 16 మిల్లీమీటర్లు, నేను పెట్టిస్తానన్నది 22. ఆ ఆరు మిల్లీమీటర్లు వీధి అందాన్ని దెబ్బతీస్తాయట. లోపలివైపు మరో అద్దం చట్రం బిగించుకోమని ఉచిత సలహా ఇచ్చారు.

ఆ శీతాకాలం మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. స్వెట్టరు మీద శాలువా, శాలువా పైన మంకీ క్యాపు. కథంతా విని, ఎదురుగా నేనుండగానే మా ఆవిణ్ణి అడిగారు: "ఏమ్మా, రిజిస్ట్రేషను అల్లుడుగారి పేరు మీదే అయిందా?"

మేడ మీద ఇంకో కిటికీ ఉంది. ఉందంటే, కిటికీ ఆకారంలో ఇటుకలున్నాయి. 1696 నుంచి 1851 దాకా ఈ దేశంలో కిటికీల మీద పన్ను ఉండేది. అది తప్పించుకోడానికే ఎవరో మూసేశారని వీధిలో చెప్పుకుంటారు. తెరిపిద్దామంటే, మూసి ఉండడమే దాని చరిత్ర అన్నారు. పన్నెగ్గొట్టిన పెద్దమనిషి ఇటుకలు వారసత్వ సంపద అయ్యాయి. కౌన్సిల్ టాక్సు కట్టినప్పుడల్లా ఆయన్ని భక్తిగా తలుచుకుంటాను.

మా వీధిలో తమ చూపు అంత చురుకు. ఊరి చివరికి వెళ్లేసరికి ఎందుకో మసకబారుతుంది. అక్కడ గొర్రెలు మేసే పొలంలో 140 ఇళ్లు కడతామని ఒక కంపెనీ వచ్చినప్పుడు తమర్ని పొలం గేటుకి కట్టారు. ఆ దారిన నడిచేవాళ్లు లేరు. గొర్రెలకి తమ వీపే కనిపించింది. అయినా ఎలాగో తెలిసి ఊరంతా టౌన్ హాల్లో చేరింది. మాట్లాడేవాళ్లకి తలా మూడు నిమిషాలు. వానాకాలం ఆ పొలంలో నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తాయో ఒక పెద్దావిడ గాల్లో వేలితో గీసి చూపిస్తోంది. వేలు కాలవ దాకా రాకముందే ఎర్రదీపం వెలిగింది. గాల్లో వేలు అలాగే పెట్టుకుని కాసేపు నిలబడి, వెళ్లి కూర్చుంది.

కౌన్సిల్ కమిటీ కాదంది. కంపెనీ అప్పీలుకి వెళ్లింది. అప్పీళ్లు తేల్చే ప్లానింగ్ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి అనుమతి ఇచ్చేశాడు. ఈ పార్లమెంటు ముగిసేలోగా 15 లక్షల ఇళ్లు కట్టిస్తామని ప్రభుత్వం చెప్పింది. నేను కాదనను, మా ఆవిడ పనిచేసేచోట నర్సులకి అద్దె ఇళ్లే దొరకడం లేదు. కానీ మొదట నూటికి నలభై ఇళ్లు సామాన్యులకి అందే ధరలో ఇస్తామన్నవాళ్లు, కాగితం చేతికొచ్చాక గిట్టుబాటు కావడం లేదని లెక్కలు చూపించి పన్నెండుకి దించారు. ఆ నర్సులు ఇప్పటికీ నలభై నిమిషాలు బస్సులోనే వస్తున్నారు.

చర్చి శిఖరానికి ఆ ఇళ్లవల్ల కలిగేది "గణనీయం కన్నా తక్కువ హాని" అని నివేదికలో రాశారు. జాతీయ ప్లానింగ్ విధానంలో ఉన్న మాటే ఇది. తెలుగులో దీన్నే చావు తప్పి కన్ను లొట్టపోవడం అంటాం. ఇలాంటి హానిని ప్రజాప్రయోజనంతో తూచి నిర్ణయిస్తారు. నా ఆరు మిల్లీమీటర్లదీ ఇదే హాని, ఇదే తక్కెడ. అటు 140 ఇళ్లు బరువు తూగాయి. ఇటు మా ఆవిడ దగ్గు ప్రజాప్రయోజనం కిందికి రాదన్నారు.

తమ కింద జనం రాసే అభ్యంతరాలంటే నాకు మహా ఇష్టం. ఇంటి రేటు పడిపోతుందని రాస్తే చెల్లదు. కిటికీలోంచి కొండ కనబడదని రాసినా చెల్లదు, ఆ కొండ మనది కాదు కనుక. అందుకని అందరూ గబ్బిలాల గురించి రాస్తారు. మన దగ్గర ఇంట్లోకి గబ్బిలం వస్తే అరిష్టం. ఇక్కడ అటక మీద గబ్బిలం కాపురముంటే చట్టం దాని వైపే. సర్వే చేయించాలి, అదీ వేసవిలోనే. మా వీధిలో గబ్బిలాన్ని చూసినవాళ్లు ఇద్దరు, దాని క్షేమం కోరి రాసినవాళ్లు అరవైమంది.

తమ వంశం పుట్టిల్లు స్టాంఫర్డ్‌కి ఒకసారి యాత్రకి వెళ్లాను. 1967లో చట్టం రాగానే ఇంగ్లండులో మొట్టమొదటి సంరక్షణ ప్రాంతం, అంటే ఒక్కో ఇల్లే కాక పాత వీధుల రూపమంతా కాపాడే చోటు, అయింది ఆ ఊరే. తేనెరంగు రాతి ఇళ్లు, వీధికొక చర్చి. ఎంతదూరం నడిచినా కంటికి ఒక్క ప్లాస్టిక్ కిటికీ తగల్లేదు. ఎంత బాగా కాపాడుకున్నారో అనుకుంటూ కాఫీ తాగాను. ఆ కిటికీల వెనక ఎవరు తువ్వాలు పిండుతున్నారో నాకు తట్టనే లేదు.

2023 ఆగస్టులో హిమ్లీ దగ్గర క్రుకెడ్ హౌస్ అనే పబ్బు తగలబడింది. 1765లో కట్టింది, కింద గనుల తవ్వకాలకి నేల కుంగి పక్కకి ఒరిగిపోయి, ఆ ఒరగడంతోనే పేరు తెచ్చుకుంది. లిస్టులో లేదు. శనివారం రాత్రి మంటలు, మిగిలిన గోడలు కూడా కూల్చేసి సోమవారానికి నేలమట్టం. మళ్లీ ఎలా ఉన్నదాన్ని అలాగే కట్టమని మరుసటి ఏడాది యజమానులకి నోటీసిచ్చారు. దేశమంతా గగ్గోలు పెట్టింది. నేనూ ఆన్‌లైన్లో పిటిషను మీద సంతకం పెట్టి, నలుగురికి పంపాను.

ఆ నెలలోనే తెనాలి పక్కన మా నాన్నగారి మండువా ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. మాకు రెండు ఫ్లాట్లు, బిల్డరుకి మిగతావి. ఇక్కడ మా గోడకి పెచ్చులూడితే సిమెంటు వాడకూడదు, సున్నమే వాడాలి అన్నప్పుడు, మా అత్తగారు ఆ తడి గోడ మీద చెయ్యి పెట్టి, "ఇది డంగు సున్నమేనే. మీ అత్తగారింటి మండువా గోడలు వేసవిలో ఇలాగే చల్లగా ఉండేవి" అన్నారు. అదే మండువా. కూల్చే రోజు ఏ స్తంభానికీ ఏ కాగితమూ కట్టలేదు. కొబ్బరికాయ కొట్టారు. జేసీబీ దూలం లాగుతున్న వీడియో మా అన్నయ్య వాట్సాప్‌లో పెట్టాడు. నేను బొటనవేలు బొమ్మ పెట్టాను.

సరే, అసలు విషయానికి వస్తాను. ఈసారి తమరు మా వెనకింటాయన తరఫున వెలిశారు. వంటిల్లు పెంచి పైన ఒక గది వేసుకుంటాడట. ఆయన మంచివాడు. గటర్లు శుభ్రం చేసుకోమని తన నిచ్చెన మాకిచ్చాడు. గది లేస్తే మా పడకగదిలోంచి చర్చి శిఖరం కనబడదు. ఆ మాట రాస్తే చెల్లదని తమకీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే నాలుగు పేజీలు రాశాను. "సంరక్షణ ప్రాంత స్వరూపస్వభావాలు" అని ఆరుసార్లు, "గణనీయం కన్నా తక్కువ హాని" అని మూడుసార్లు. కొత్త కిటికీ చెక్క పట్టీలు 22 మిల్లీమీటర్లున్నాయని స్కేలు పెట్టి కొలిచి మరీ ఫిర్యాదు చేశాను. గబ్బిలాల గురించి ఒక పేరా.

గడువు ఇరవై ఒకటో రోజు రాత్రి పదకొండూ నలభైకి పంపాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కిటికీ బాధితుడు

తా.క. అభ్యంతరాలు పేరూ ఇంటి నంబరుతో సహా అందరికీ కనబడేలా పెడతారని పంపాక చదివాను. నిచ్చెన ఇంకా మా ఇంట్లోనే ఉంది.