సవరణ: ఆన్‌లైన్ కోర్సుకు ఎవరి రేటింగు వారిదే

విద్యార్థుల, అధ్యాపకుల రేటింగులను కలిపి సగటు తీస్తే కోర్సు నాణ్యత తెలుస్తుందని ముందటి పోస్టులో ఉంది. అలా కలపకూడదు. అధ్యాపకులు ఎక్కువగా సిలబస్, వీడియోల తయారీ చూసి మార్కులేస్తారు. డౌటు అడిగితే ఎన్నాళ్లకు జవాబొచ్చిందన్నది విద్యార్థికి ముఖ్యం. రెండింటినీ విడివిడిగానే చూపాలి.

పైగా సర్వే కోర్సు చివర పెడితే మధ్యలో మానేసినవాళ్ల మాట అందులోకి రానేరాదు. 200 మంది చేరి 40 మందే జవాబిచ్చారనుకోండి, 5కు 4.5 సగటు వచ్చినా అది ఆ 40 మందిదే. ఎంతమంది జవాబిచ్చారో పక్కనే రాయాలి. మూడో వారంలోనే ఒకసారి అడగడం ఇంకా మేలు.

ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్ సర్టిఫికెట్‌కు మొత్తం 40 మార్కులు చాలని ఆ పోస్టులో ఉన్నదీ తప్పే. అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 విడివిడిగా రావాలి. 20, 28 వస్తే మొత్తం 48 అయినా సర్టిఫికెట్ రాదు.