సవరణ: డెబియన్ 12, వైఫై ఫర్మ్‌వేర్ సంగతి

"పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 వేస్తే సిస్టమ్ మొత్తం స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, వైఫై కూడా దానంతటదే వస్తుంది" అని ముందు పోస్టులో రాశాను. (డెబియన్ ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే సోర్స్ కోడ్ చూసి, మార్చుకుని, పంచుకోగలిగేది.) అందులో రెండో సగం చాలా మెషీన్లలో నిజమే. మొదటి సగం మాత్రం సరికాదు.

స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్‌ను (వైఫై కార్డులాంటి పరికరం పనిచేయడానికి దానిలోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్) అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చాలని 2022లో డెబియన్ డెవలపర్లు ఓటు వేసి నిర్ణయించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో అది అమలైంది. ఇంటెల్ వైఫై కార్డు కనబడితే దాని ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలరే ఎక్కించేస్తుంది. వైఫై వచ్చేది అందువల్లే. ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు ఈ విషయం తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

పూర్తి స్వేచ్ఛా సిస్టమే కావాలంటే ట్రిస్క్వెల్ లాంటి పూర్తి స్వేచ్ఛా లినక్స్ సిస్టమ్ వేసుకోవాలి. అందులోని లినక్స్-లిబ్రె కెర్నెల్ (సిస్టమ్‌కు మూలభాగం) అలాంటి స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్‌ను ఎక్కించదు కాబట్టి ఇంటెల్ వైఫై పనిచేయదు. అంతమాత్రాన ల్యాప్‌టాప్ మార్చేయక్కర్లేదు. అథెరోస్ ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ చాలు, దాని ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్ బయటే ఉంది. కొనేముందు చిప్ పేరు తప్పకుండా చూసుకోండి. డబ్బా మీది మోడల్ పేరు అదే ఉన్నా లోపల చిప్ మారిపోవచ్చు.

ఎన్విడియా జీటీఎక్స్ 900, ఆ తర్వాతి గ్రాఫిక్స్ కార్డులున్నవాళ్లకు మాత్రం ఇంత తేలిక కాదు. వాటికి కంపెనీ సంతకం చేసిన ఫర్మ్‌వేర్ లేకపోతే గ్రాఫిక్స్ వేగం రాదు. ముందు లైవ్ యూఎస్‌బీతో (డిస్క్‌లో ఏమీ వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే సిస్టమ్ నడిపేది) బూట్ చేసి చూశాకే డిస్క్ జోలికి వెళ్లండి.