ముందు కౌంటరు చూసుకోండి, తర్వాత మతం పెట్టండి

హన్మకొండ చౌరస్తాలో రేపు పొద్దున ఎవరైనా కొత్త మతం మొదలుపెడితే చాయ్ బండి దగ్గర పుట్టే మొదటి ప్రశ్న: "గిది మతమా, దుకాణమా?" జవాబు కోసం జనం బోధలు వింటారు, పాపం. వినాల్సింది బోధ కాదు, ఏ సర్కారు కౌంటర్లో ఏమని రాసిచ్చారన్నది.

దేవుడి గురించి బెంగ అక్కర్లేదు. మతమంటే ఏమిటో రాజ్యాంగం నిర్వచించలేదు. మతానికి దేవుడు ఉండి తీరాలని లేదని, బౌద్ధ జైనాలను చూపించి 1954లోనే శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కష్టమల్లా సంతకాలతోనే. సొసైటీ నమోదుకు 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. మోక్షం మీద ఏడుగురికీ ఏకాభిప్రాయం కుదురుతుంది, కోశాధికారి ఎవరన్న దగ్గర కుదరదు.

ఇక హుండీ. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం సేవాసంస్థకు పేరూ ఊరూ లేని విరాళాలొస్తే, పరిమితి దాటిన సొమ్ము మీద 30 శాతం పన్ను. పూర్తిగా మతసంస్థ అయితే ఆ బాధ లేదు. అయితే దాతకు పన్ను రాయితీ ఇప్పించాలంటే మాత్రం సేవాసంస్థే అయ్యుండాలి, మతపరమైన ఖర్చు ఆదాయంలో 5 శాతం మించకూడదు. అంటే హుండీ పక్కన నిలబడితే మతం, రసీదు బుక్కు పట్టుకుంటే సేవ. ఒకే మనిషి రెండు చోట్లా నిలబడాలనుకున్నప్పుడే ఆడిటర్‌కు తలనొప్పి మొదలవుతుంది.

పెద్దవాళ్లూ ఈ లెక్క తప్పారు. పుదుచ్చేరి దగ్గర అరవిందుల పేరున వెలసిన ఊరు ఆరోవిల్‌ను ప్రభుత్వం చేతిలోకి తీసుకుంటూ 1980లో చట్టం చేస్తే, మాది మతం, జోక్యం చెల్లదని అరవింద సొసైటీ వాళ్లు కోర్టుకెక్కారు. అరవిందులది తత్వమే గానీ మతం కాదని 1982లో తీర్పు. రామకృష్ణ మిషన్ తమది హిందూమతం నుంచి వేరని, అల్పసంఖ్యాక హక్కు కింద తమ కాలేజీలు తమకే ఉండాలని వాదించింది. 1995లో సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. నెదర్లాండ్స్‌లో చిల్లుల గిన్నె నెత్తిన పెట్టుకుని గుర్తింపు కార్డు ఫొటో దిగుతామన్న పాస్తాఫేరియన్ అనే వెటకారపు మతానికి గాంభీర్యం చాల్లేదని 2018లో అక్కడి కోర్టు తేల్చింది. వెటకారం చేసేవాళ్లు నవ్వు ఆపుకోవడం నేర్చుకోవాలి.

అన్నిటికన్నా పనికొచ్చే పాఠం ఆనందమార్గ్‌ది. ఆ ఆధ్యాత్మిక సంస్థ పెట్టింది 1955లో, పుర్రె, కత్తి పట్టుకుని తాండవం చేయాలన్న నియమం వచ్చింది 1966లో. వీధుల్లో ఆ తాండవానికి అనుమతి కోసం కోర్టుకెళ్తే, పదకొండేళ్లు అది లేకుండానే నడిచిన శాఖకు అది ప్రాణమెట్లా అవుతుందని 1983లో సుప్రీంకోర్టు అడిగింది. వాళ్లు తమ గ్రంథంలోనే తాండవం తప్పనిసరని చేర్చి మళ్లీ వెళ్లారు. ఆటలో ఔటయ్యాక గీత జరిపితే ఒప్పుకుంటారా? 2004లో మళ్లీ ఓడిపోయారు. కాబట్టి ఊరేగింపులు, వాయిద్యాలు, చేతిలో పట్టుకునే సామాన్లు అన్నీ మొదటి రోజే తెల్ల కాగితం మీద రాసి తేదీ వేయండి. సామాన్ల జాబితాలో పుర్రె ఉంటే అది ఎక్కడిదో కూడా.

ఈ కొలతలు మన పాత వాటికి పెడితే చిక్కే. హన్మకొండలోనే పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి జైన బసది, అంటే జైనుల గుడి, ఉంది. ఇప్పుడక్కడ అమ్మవారు, గుట్ట కింద గుండంలో బతుకమ్మలు. పేరు మార్పిడి దరఖాస్తు ఏ బల్ల మీద కదిలిందో!

మేడారం సంగతి మరీ ఘోరం. విగ్రహం లేదు, గ్రంథం లేదు, స్థాపకుడి అఫిడవిట్ లేదు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె వస్తే లక్షల మంది దారికి అడ్డంపడి దండాలు పెడతారు. తక్కెడలో ఒకవైపు మనిషి, ఇంకోవైపు బెల్లం దిమ్మెలు, ఆ బెల్లం పేరు బంగారం. ఇది మతమా కాదా అని ఏ కౌంటరూ అడగలేదు. 2024 జాతరకు ఆబ్కారీ వాళ్లు మాత్రం బెల్లం కొనేవారి ఆధార్, ఫోన్ నంబరు రాసుకొమ్మని దుకాణాలకు చెప్పారు. వాళ్ల అనుమానం భక్తి మీద కాదు, బెల్లంతో కాచే గుడుంబా మీద.